అక్వేరియం ఫిల్టరు నిర్వహణ: మేలుచేసే బ్యాక్టీరియా సంరక్షణ

చేపల తొట్టెలో నీటిని శుద్ధిచేసే పరికరం ఫిల్టరు. దానిలో స్థిరపడిన నత్రీకరణ బ్యాక్టీరియా నశించకుండా, నీరు ధారాళంగా పారేలా దాన్ని ఎప్పటికప్పుడు శుభ్రం చేసుకోవడమే ఫిల్టరు నిర్వహణ. ఫిల్టరు చేసే పనులు రెండు. మలం, మిగిలిపోయిన మేత, రాలిన ఆకుల తునకలు పట్టి ఆపడం కంటికి కనిపించే పని. నీటిలో కరిగిన అమ్మోనియాను ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మార్చడం, అంటే నత్రీకరణ, కనిపించని పని. ఈ రెండోదాన్ని చేసేవి స్పాంజి మీద, రాళ్ల మీద, పింగాణీ రింగుల మీద అంటుకుని బతికే సూక్ష్మజీవులు. ప్లాస్టిక్ డబ్బా, మోటారు వాటికి వసతి మాత్రమే.

తొట్టె కడిగిన రెండు మూడు రోజులకు చేపలు వరసబెట్టి చనిపోవడం అక్వేరియం పెట్టుకున్న చాలా ఇళ్లలో ఎరిగిన సంగతే. కడిగిన రోజు నీళ్లు తేటగా ఉంటాయి, చేపలు హుషారుగా తిరుగుతాయి. అందుకని నెపం మేత మీదికో, షాపులో ఇచ్చిన చేప మీదికో, చూసిపోయిన చుట్టాల దిష్టి మీదికో పోతుంది. నిజానికి కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండిన స్పాంజి మురికితోపాటు అమ్మోనియాను మార్చే జీవులు కూడా మోరీలోకి పోయి ఉంటాయి. చేపలు విసర్జించే అమ్మోనియా ప్రాణం తీసేంత పోగవడానికి పట్టే సమయమే ఆ రెండు మూడు రోజులు. ఈ వ్యాసం ప్రధానంగా మంచినీటి తొట్టెల గురించి. ఉప్పునీటి తొట్టెల్లోనూ మూలసూత్రం ఇదే.

అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్

చేప తిన్న మాంసకృత్తుల్లోని నత్రజనిలో అధికభాగం మొప్పల ద్వారా అమ్మోనియాగానే బయటికి వస్తుంది. తినకుండా అడుగున పడిన మేత కుళ్లినా అదే పుడుతుంది. నీటిలో ఇది రెండు రూపాల్లో ఉంటుంది. విషపూరితమైనది అమ్మోనియా, అంతగా హాని చేయనిది అమ్మోనియం. ఏది ఎంత ఉంటుందన్నది నీటి పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పీహెచ్ 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 0.6 శాతం మాత్రమే. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. పరీక్ష కిట్‌లో ఒకే అంకె వచ్చిన రెండు తొట్టెల్లో ఒకదానిలో చేపలు బతికి, రెండోదానిలో చనిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. బోరునీటి పీహెచ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతాల్లో ఈ సంగతి మరీ ముఖ్యం.

నైట్రైట్ హాని చేసే తీరు వేరు. అది మొప్పల గుండా రక్తంలో చేరి, హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని మెథిమోగ్లోబిన్‌గా మారుస్తుంది. రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీటిలో ఆక్సిజన్ ఉన్నా చేప పైకి వచ్చి నోరు తెరుస్తూ ఉంటుంది. మూడో మెట్టయిన నైట్రేట్ వీటితో పోలిస్తే చాలా సాధువు. దాన్ని నీళ్లు మార్చడం ద్వారానో, మొక్కల ద్వారానో తగ్గించుకుంటారు.

ఒక గ్రాము అమ్మోనియా నత్రజని నైట్రేట్‌గా మారడానికి సుమారు 4.57 గ్రాముల ఆక్సిజన్ ఖర్చవుతుంది. అంతేకాక, పీహెచ్ పడిపోకుండా నిలిపే క్షారత కూడా, కాల్షియం కార్బొనేట్ లెక్కన 7.14 గ్రాములు, ఖర్చవుతుంది. ఫిల్టరు నిర్వహణలో పాటించే దాదాపు ప్రతి నియమమూ ఈ రెండు అంకెల దగ్గరికే వస్తుంది. నీరు పారకపోతే ఆక్సిజన్ అందదు; నీరు మార్చకపోతే క్షారత మిగలదు.

తెలుసుకున్న క్రమం

అక్వేరియం చరిత్ర, నత్రీకరణ చరిత్ర ఒకే ఇంట్లో కలుస్తాయి. లండన్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ 12 గ్యాలన్ల పాత్రలో బంగారు చేపలు, వాలిస్నేరియా మొక్కలు, నత్తలు కలిపి పెంచాడు. నీరు మార్చకుండానే అవి బతకగలవని 1850లో కెమికల్ సొసైటీకి నివేదించాడు. లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల శాల తెరిచింది ఆ తర్వాత 1853లో. వారింగ్టన్ తన ప్రయోగంలో చేపకూ మొక్కకూ మధ్య వాయువుల ఇచ్చిపుచ్చుకోలును చూశాడు. ఇసుకలోని బ్యాక్టీరియా చేసే పని అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ లోటు తీర్చినవారిలో ఆయన కొడుకు ఒకడు. తండ్రి పేరే పెట్టుకున్న ఆ రాబర్ట్ వారింగ్టన్ రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేలలోని నత్రీకరణ మీద ఏళ్ల తరబడి పనిచేశాడు.

నత్రీకరణ ప్రాణుల పని అని తేల్చింది ఫ్రాన్సుకు చెందిన ష్లోసింగ్, మ్యుంట్స్. 1877లో వాళ్లు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టంలోకి మురుగునీటిని నెమ్మదిగా వదిలారు. కొన్నాళ్లకు కింద నైట్రేట్ కనిపించింది. క్లోరోఫాం ఆవిరి తగిలించగానే ఆగిపోయింది. మళ్లీ కాస్త మట్టి కలిపిన నీళ్లు పోస్తే మొదలైంది. నేటి అక్వేరియంలో జరిగే మూడు సంగతులూ ఆ ఒక్క గొట్టంలో ఉన్నాయి: కొత్త ఫిల్టరు పుంజుకోవడానికి రోజులు పట్టడం, విషం తగిలితే చావడం, పాతదాన్నుంచి కాస్త తెచ్చి కలిపితే తిరిగి లేవడం. ఆ సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో విడదీసి చూపినవాడు సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ.

ఆ తర్వాత సుమారు వందేళ్లపాటు అక్వేరియం పుస్తకాలన్నీ ఒకే పాఠం చెప్పాయి: అమ్మోనియాను నైట్రోసోమోనాస్, నైట్రైట్‌ను నైట్రోబాక్టర్ మారుస్తాయని. తిమోతి హొవానెక్, ఎడ్వర్డ్ డిలాంగ్ అనే పరిశోధకులు 1996లో జన్యు పరీక్షలతో వెతికితే మంచినీటి అక్వేరియంలో నైట్రోబాక్టర్ దొరకనే లేదు. ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా తరహా బ్యాక్టీరియా అని 1998లో వెల్లడైంది. 2005లో అమెరికాలోని సియాటిల్ అక్వేరియం నుంచి తెచ్చిన నమూనాలో, బ్యాక్టీరియా కాని ఆర్కియా జాతి జీవి ఒకటి అమ్మోనియాను ఆక్సీకరించడం బయటపడింది. దానికి నైట్రోసోప్యుమిలస్ మారిటిమస్ అని పేరు పెట్టారు. మంచినీటి ఫిల్టర్లలోనూ చాలాచోట్ల ఆర్కియాదే పైచేయి అని కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో చూపించారు. 2015లో మరో మలుపు వచ్చింది. అమ్మోనియాను తిన్నగా నైట్రేట్ దాకా ఒంటిచేత్తో మార్చే నైట్రోస్పైరా ఉందని వియన్నా, నైమెగన్ నగరాల పరిశోధక బృందాలు వేర్వేరుగా ప్రకటించాయి. నైమెగన్ వారికి అది దొరికింది చేపల పెంపకపు ఫిల్టరులోనే. కాబట్టి ఫిల్టరులో ఉన్నవాటిని ‘మేలుచేసే బ్యాక్టీరియా’ అనడం వాడుక కోసమే. అందులో బ్యాక్టీరియా కానివీ ఉన్నాయి.

అవి ఉండే చోటు

నత్రీకరణ జీవులు నీటిలో తేలుతూ తిరిగేది తక్కువ. ఏదో ఒక గట్టి ఉపరితలానికి అతుక్కుని, తాము స్రవించిన జిగురులో పొరగా పేరుకుంటాయి. స్పాంజి గదుల గోడలు, గులకరాళ్లు, తొట్టె అద్దం, మొక్కల ఆకులు, గాలిరాయి గొట్టం, అన్నింటి మీదా ఈ జిగురుపొర ఉంటుంది. ఎడతెగక ఆక్సిజన్, అమ్మోనియా కలిసి వచ్చేది ఫిల్టరులోకి కనుక అక్కడ ఎక్కువ. నీళ్లు మార్చితే బ్యాక్టీరియా పోతుందన్న భయానికి అందువల్ల ఆధారం లేదు. సగం నీళ్లు తీసేసినా పోయేది చాలా కొద్ది.

జిగురుపొర మెత్తగా పిండినంతలో ఊడిరాదు. ఊడివచ్చేది దాని మీద పేరుకున్న గోధుమరంగు మడ్డి. ఈ మడ్డిలో సేంద్రియ పదార్థాన్ని తిని బతికే వేరే బ్యాక్టీరియా దండిగా ఉంటుంది. అది చాలా వేగంగా పెరుగుతుంది. అనుకూల పరిస్థితుల్లో కొన్ని జాతులు అరగంట లోపే రెట్టింపవుతాయి. నత్రీకరణ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడతాయి. ఆక్సిజన్ కోసం, చోటు కోసం జరిగే పోటీలో ఓడిపోయేది నెమ్మదిగా పెరిగేదే. అందుచేత ‘బ్యాక్టీరియా పోతుంది, ముట్టుకోవద్దు’ అని ఏడాదిపాటు ఫిల్టరు మూత తీయకుండా ఉంచడం కూడా బ్యాక్టీరియాను చంపే పద్ధతే, కాకపోతే నిదానంగా. కడగవలసిందే. కడిగేది నీరు పారడానికి; తెల్లబడటానికి కాదు.

తొట్టెలో బ్యాక్టీరియా ఎంత ఉంటుందన్నది అమ్మోనియా ఎంత పుడుతుందన్నదాన్ని బట్టి నిలబడుతుంది. రెండు గప్పీలున్న తొట్టెకు ఎంత పెద్ద ఫిల్టరు తగిలించినా అందులో రెండు గప్పీలకు చాలినంత బ్యాక్టీరియానే బతుకుతుంది. ఒకేసారి పది చేపలు తెచ్చి వదిలితే, ఫిల్టరును ఎవరూ ముట్టుకోకపోయినా అమ్మోనియా లేస్తుంది. పెద్ద ఫిల్టరు వల్ల లాభం మరోచోట ఉంది. మడ్డి నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది. కడిగేటప్పుడు సగం వదిలేసినా పని ఆగదు.

ఫిల్టరు రకాలు

ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు అన్నింటిలో చవక. చేపపిల్లలు పెంచేవాళ్లు, చెన్నైలోని కొళత్తూరు వంటి చోట్ల రంగుచేపల ఉత్పత్తిదారులు దీన్నే వాడతారు. బ్యాక్టీరియా పరంగా దీనికి వంక పెట్టడం కష్టం. గులకరాళ్ల కింద జల్లెడ పలక పెట్టే అండర్‌గ్రావెల్ ఫిల్టరు ఒకప్పుడు ప్రతి తొట్టెలోనూ ఉండేది. రాళ్ల పరుపంతా ఫిల్టరే కావడం దాని బలం. పలక కింద చేరిన బురదను తీయాలంటే తొట్టె మొత్తం పీకాల్సి రావడం దాని బలహీనత. తొట్టె మొత్తం ఖాళీచేసి కడిగే అలవాటు మన దగ్గర పాతుకుపోవడానికి ఆ తరం తొట్టెలు కొంత కారణమై ఉండవచ్చు.

నీటిలో ముంచే ఇంటర్నల్ పవర్ ఫిల్టరు, అంచుకు తగిలించే హ్యాంగ్-ఆన్ ఫిల్టరు, మూతలో అమర్చే టాప్ ఫిల్టరు, తొట్టె కింద బీరువాలో పెట్టే క్యానిస్టర్, వేరే తొట్టెగా కట్టుకునే సంప్ మిగతా రకాలు. ఫ్లవర్‌హార్న్, ఆస్కార్, బంగారు చేపల వంటి తిండిపోతులకు ఇంటర్నల్ ఫిల్టరు ఒక్కటీ చాలదు. కొన్ని ఫిల్టర్లతో వచ్చే కార్ట్రిడ్జి నెలకోసారి పారేసి కొత్తది పెట్టమని పెట్టె మీద రాసి ఉంటుంది. తొట్టెలోని బ్యాక్టీరియాలో పెద్ద వాటాను నెలనెలా చెత్తబుట్టలో వేయమని చెప్పడమే అది. కార్ట్రిడ్జిలు అమ్ముకునేవాళ్లకు తప్ప మరెవరికీ మేలు లేని సలహా. ఆ డబ్బాలో కొలతకు కత్తిరించిన మామూలు స్పాంజి పెట్టుకుంటే ఏళ్ల తరబడి వస్తుంది.

పింగాణీ రింగులు, లావా రాళ్లు, ప్లాస్టిక్ బయోబాల్స్ వంటివి బ్యాక్టీరియా నిలవడానికి వాడే సరుకులు. రింగుల లోపలి సూక్ష్మరంధ్రాల వైశాల్యం లెక్కగట్టి డబ్బాల మీద గొప్ప అంకెలు వేస్తారు. బ్యాక్టీరియా కణం సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది. అంతకన్నా సన్నని రంధ్రంలో దానికి చోటు లేదు. లోతైన రంధ్రాల్లోకి ఆక్సిజన్ కూడా సరిగా చేరదు. పైగా ఆ నోళ్లు కొన్నాళ్లకు మడ్డితో పూడుకుపోతాయి. ఖరీదైన రింగులు లేనంత మాత్రాన తొట్టెకు లోటేమీ రాదు.

కడిగే పద్ధతి

ఎప్పుడు కడగాలో క్యాలెండరు చెప్పదు, నీటిధార చెబుతుంది. ఫిల్టరు నుంచి వచ్చే ధార పలచబడినా, స్పాంజి ఫిల్టరులో బుడగలు వస్తున్నా మడ్డిని లాగడం తగ్గినా సమయం వచ్చినట్టు. స్థూలంగా చెప్పాలంటే, దూదిలా ఉండే ఫ్లాస్‌ను వారానికోసారి మారుస్తారు. స్పాంజిని రెండు నుంచి నాలుగు వారాలకు, క్యానిస్టర్‌ను రెండు మూడు నెలలకు ఒకసారి శుభ్రం చేస్తారు. చేపలు ఎక్కువైతే ఈ గడువులు దగ్గరపడతాయి.

ముందు ప్లగ్గు తీసేయాలి. తడిచేతులతో స్విచ్చుల జోలికి పోయే పని కాబట్టి ఇది మర్యాదకు చెప్పే మాట కాదు. తర్వాత తొట్టెలోంచే ఒక బకెట్టు నీళ్లు తీసుకోవాలి. వారంవారం నీళ్లు మార్చే రోజున తీసిన నీళ్లనే ఇందుకు వాడితే వేరే శ్రమ లేదు. వేడి, పీహెచ్, లవణాలు అన్నీ బ్యాక్టీరియాకు అలవాటైనవే అయిన నీళ్లవి, క్లోరిన్ కూడా ఉండదు. స్పాంజి ఫిల్టరును పైకి లాగేటప్పుడు నీటిలోనే దానికి ఒక పాలిథిన్ సంచి తొడిగి తీస్తే మడ్డి తొట్టెలో చెదరదు.

బకెట్టులో స్పాంజిని నాలుగైదుసార్లు మెత్తగా నొక్కి వదలాలి. నీళ్లు చిక్కటి టీ రంగుకు వస్తాయి. మరీ ముద్దగా ఉంటే నీళ్లు మార్చి ఇంకోసారి నొక్కవచ్చు. స్పాంజి గదుల్లోంచి నీరు సులువుగా పోతుంటే పని అయిపోయినట్టే. గోధుమరంగు మరక మిగిలి ఉండాలి. బట్టలు పిండినట్టు మెలిపెట్టడం, బ్రష్‌తో రుద్దడం, వేడినీళ్లు, సబ్బు, బట్టలపొడి, బ్లీచింగ్, శుభ్రం చేశాక ఎండలో ఆరేయడం, ఇవేవీ పనికిరావు. ఎండితే జిగురుపొర చస్తుంది. గట్టి వెలుతురు కూడా నత్రీకరణ బ్యాక్టీరియాకు గిట్టదు. చీకటి డబ్బాలో అవి బాగుండటానికి అదొక కారణం.

రింగులను, లావా రాళ్లను చేత్తో తీయాల్సిన పని కూడా లేదు. వలసంచితో సహా బకెట్టు నీళ్లలో రెండుసార్లు ముంచి ఆడిస్తే చాలు. ఫ్లాస్ చవక సరుకు, నిరభ్యంతరంగా పారేయవచ్చు. అది రింగులకన్నా ముందు మురికిని పట్టుకుంటే వాటి దాకా మడ్డి రాదు. అందుకే నీరు ముందు గరుకు స్పాంజి, తర్వాత సన్నని స్పాంజి లేదా ఫ్లాస్, ఆ తర్వాత రింగుల గుండా పోయేలా అమర్చుకోవడం మేలు. ఉత్తేజిత బొగ్గు కొన్ని వారాలకు రంగు, వాసన, మందులు పీల్చుకునే శక్తి కోల్పోతుంది. అయితే అప్పటికి దాని మీదా బ్యాక్టీరియా పట్టి ఉంటుంది. స్పాంజి, రింగులు పుష్కలంగా ఉన్న తొట్టెలో దాన్ని తీసేయడానికి వెనకాడనక్కరలేదు.

మోటారు ఇంపెల్లరు, గొట్టాలు, డబ్బా గోడలు, మూత మాత్రం కుళాయి కింద బ్రష్‌తో శుభ్రంగా రుద్దుకోవచ్చు. వాటి మీదున్న బ్యాక్టీరియా మొత్తంలో చిన్న వాటా. ధార పలచబడటానికి చాలాసార్లు కారణం స్పాంజి కాదు, ఇంపెల్లరు గుంటలో చేరిన జిగట. బోరునీళ్లున్న చోట దాని ఇరుసు మీద తెల్లటి గార కడుతుంది. ఆ ప్లాస్టిక్ ముక్కను కాసేపు నిమ్మరసంలో నానబెట్టి, బాగా కడిగి పెట్టుకోవచ్చు.

అన్నింటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది: అన్నీ ఒకేరోజు కడగకూడదు. రెండు స్పాంజీలుంటే ఈసారి ఒకటి, రెండు వారాల తర్వాత రెండోది. ఫిల్టరు కడిగిన రోజున గులకరాళ్లను సైఫన్ గొట్టంతో కెలకకుండా ఉండటం మంచిది. రాళ్లు కూడా ఒక్కోసారి సగం తొట్టె వరకే శుభ్రం చేసుకోవాలి. ఆఫీసుల్లో, హోటళ్లలో, ఆసుపత్రుల వరండాల్లో ఉండే తొట్టెలకు నెలకోసారి మనిషి వచ్చి చేపలను బకెట్టులో వేసి, రాళ్లు, బొమ్మలు, ఫిల్టరు అంతా కుళాయి కింద కడిగి, కొత్త నీళ్లు నింపి పోతుంటాడు. చూడటానికి ఇంతకన్నా శుభ్రమైన పని ఉండదు. చేపల పక్షాన ఇది నెలనెలా తొట్టెను మొదటి రోజుకు తీసుకుపోవడం. అక్కడ చేపలు తరచు మారుతుండటం వెనక ఉన్న రహస్యం చాలావరకు ఇదే.

కడిగిన తర్వాత ఒకటి రెండు రోజులు మేత తగ్గించి, అమ్మోనియా, నైట్రైట్ పరీక్షలు చేసుకుంటే పద్ధతి సరిగా ఉందో లేదో తెలుస్తుంది. స్థిరపడిన తొట్టెలో రెండూ సున్నా చూపాలి.

కుళాయి, బోరు, క్యాను

భారతీయ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం, సూక్ష్మజీవులను చంపడానికి క్లోరిన్ కలిపిన నీటిలో వినియోగదారుడి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల స్వేచ్ఛా క్లోరిన్ మిగిలి ఉండాలి. ఇంత తక్కువ క్లోరిన్ ఉన్న నీటిలో ఒక్కసారి జాడించినంత మాత్రాన జిగురుపొర మొత్తం చచ్చిపోతుందని చెప్పలేం. ఆ జిగురే కొంత కాపాడుతుంది. కుళాయి కిందే కడుగుతూ ఏళ్లుగా చేపలు పెంచుతున్నవాళ్లు ఉండటానికి కారణం అదే. కానీ వానాకాలంలో మోతాదు పెంచుతారు, నీటి ట్యాంకుకు దగ్గరున్న ఇళ్లకు ఎక్కువ క్లోరిన్ అందుతుంది, అపార్ట్‌మెంట్ సంపులో ఎవరో బ్లీచింగ్ పౌడరు వేస్తారు. బకెట్టు తొట్టెనీళ్లతో తప్పిపోయే ముప్పును నెత్తికెత్తుకోవడంలో అర్థం లేదు.

తొట్టెలో పోసే కొత్త నీటి క్లోరిన్‌ను విరిచేందుకు షాపుల్లో దొరికే సోడియం థయోసల్ఫేట్ చాలు. నీళ్లను ఒక రోజు బకెట్టులో ఉంచి, గాలిరాయి పెట్టినా మామూలు క్లోరిన్ పోతుంది. క్లోరమైన్ అలా పోదు. డల్లాస్ వంటి అమెరికా నగరాల్లో నీటి సరఫరాకు వాడేది అదే కావడంతో, ఇక్కడి అలవాటునే అక్కడికి తీసుకుపోయిన తెలుగువారికి రాత్రంతా నిలవ ఉంచిన నీళ్లు పనికిరావు. క్లోరమైన్‌ను థయోసల్ఫేట్‌తో విరిచినా అమ్మోనియా మిగులుతుంది. దాన్ని కూడా పట్టి ఉంచే మందు వాడాలి.

బోరునీటిలో క్లోరిన్ ఉండదు. క్షారత ఎక్కువగా ఉండటం నత్రీకరణకు కలిసొచ్చే గుణం. అయితే భూమిలోంచి అప్పుడే తోడిన నీటిలో ఆక్సిజన్ తక్కువ కావచ్చు, చాలాచోట్ల నైట్రేట్ ముందే ఉంటుంది. దీనికి పూర్తిగా విరుద్ధం ఆర్‌వో క్యాను నీళ్లు. మనుషులు తాగే మంచినీళ్లు చేపలకూ మంచివేనన్న మమకారంతో తొట్టెను క్యాను నీళ్లతోనే నింపేవాళ్లున్నారు. ఆ నీటిలో క్షారత దాదాపు ఉండదు. నత్రీకరణ ఉన్న కాస్తా తినేశాక పీహెచ్ జారిపోతుంది. పీహెచ్ 6.5 కన్నా తగ్గితే నత్రీకరణ మందగిస్తుంది, 6 దిగువకు పోతే చాలామటుకు ఆగిపోతుంది. అప్పుడు పోగయ్యేది హాని తక్కువైన అమ్మోనియం కాబట్టి చేపలు పైకి బాగానే కనిపిస్తాయి. ఒకరోజు యజమాని జాలిపడి సగం నీళ్లు తీసి బోరునీళ్లు పోస్తాడు. పీహెచ్ ఒక్కసారిగా లేచి, అమ్మోనియంలో కొంత భాగం అమ్మోనియాగా మారి, ఆ పూటే చేపలు పోతాయి. కొద్దికొద్దిగా, తరచు నీళ్లు మార్చడం ఒక్కటే దీనికి మందు.

కరెంటు పోయినప్పుడు

వేసవిలో కరెంటు పోవడం రెండు వైపులా కోస్తుంది. నీరు వేడెక్కేకొద్దీ ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాములు పట్టే నీరు 35 డిగ్రీల దగ్గర సుమారు 7 మిల్లీగ్రాములే పట్టగలదు. మూసి ఉన్న క్యానిస్టర్ ఆగిపోతే లోపలున్న ఆక్సిజన్‌ను బ్యాక్టీరియా త్వరగా హరించేస్తుంది. కొన్ని గంటలు గడిస్తే లోపలి నీరు కుళ్లిన కోడిగుడ్డు వాసనకు తిరుగుతుంది. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరిగి, ఆ నీళ్లన్నీ తొట్టెలోకి వదులుతుంది. చాలాసేపు ఆగిన క్యానిస్టర్‌ను ముందు విప్పి, లోపలి నీళ్లు పారబోసి, తొట్టెనీళ్లతో ఒకసారి జాడించాకే నడపాలి. కోత ఎక్కువసేపు ఉంటుందని తెలిస్తే స్పాంజీలను, రింగుల సంచిని తీసి తొట్టెలోనే పెట్టి, బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఆన్ చేసుకోవడం సులువైన ఉపాయం. అసలు ప్రతి తొట్టెలోనూ పెద్ద ఫిల్టరుతోపాటు ఒక చిన్న స్పాంజి ఫిల్టరు ఉంచుకుంటే ఇన్వర్టరు మీద అదొక్కటీ నడిపినా చాలు.

మందులు, సీసాలు

ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్, మెథిలీన్ బ్లూ నత్రీకరణను దెబ్బతీస్తాయి. జబ్బుపడిన చేపను వేరే తొట్టెలోకి మార్చి వైద్యం చేయడం ఇందుకే. మొత్తం తొట్టెకు మందు వేయక తప్పకపోతే వేసినన్నాళ్లూ రోజూ అమ్మోనియా చూసుకోవాలి.

సీసాల్లో అమ్మే ‘లైవ్ బ్యాక్టీరియా’లో రెండు రకాలున్నాయి. నిజమైన నత్రీకరణ బ్యాక్టీరియా సిద్ధబీజాలుగా మారి నిద్రపోగలిగేది కాదు. ఎండలో లారీ ప్రయాణం, షాపు అరలో నెలల నిలవ తట్టుకుని ఎంత మిగిలిందన్నది సీసా తెరిస్తే గాని తెలియదు. బాసిల్లస్ కలిపినవి నిలవ ఉంటాయి గాని అవి మడ్డిని కరిగించే రకం. అమ్మోనియాను నైట్రేట్‌గా మార్చే పని వాటిది కాదు. పనిచేస్తున్న తొట్టెలోంచి తెచ్చిన స్పాంజి ముక్కకు సాటివచ్చే సీసా లేదు.

కొత్త ఫిల్టరుకు తోడు

ఫిల్టరు మార్చాల్సి వస్తే పాతదాన్ని తీయకుండానే కొత్తదాన్ని పక్కన నడపాలి. నాలుగు నుంచి ఆరు వారాల్లో కొత్తదాని మీద జిగురుపొర కుదురుకుంటుంది. అంత వ్యవధి లేకపోతే పాలకు తోడు వేసినట్టు పాత స్పాంజిని కొత్త డబ్బాలో పెట్టేయడం, లేదా దాని మడ్డిని కొత్త స్పాంజి మీద పిండటం చేస్తారు. మొదటిది నమ్మకమైనది. ఇల్లు మారేటప్పుడు స్పాంజీలను మునిగేంత తొట్టెనీళ్లలో, మూత బిగించకుండా తీసుకుపోవాలి. పాలిథిన్ సంచిలో ముడివేస్తే లోపల ఆక్సిజన్ అయిపోతుంది.

దెబ్బతిన్న తొట్టె

అమ్మోనియా గాని నైట్రైట్ గాని కనిపిస్తే మొదటి పని మేత ఆపడం. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు కొన్ని రోజులు తిండి లేకుండా ఉండగలవు. వేసిన ప్రతి మెతుకూ అమ్మోనియా అవుతుంది. క్లోరిన్ విరిచిన నీటితో రోజూ పావు వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చాలి, గాలిరాయి పెంచాలి. పైన చెప్పిన పీహెచ్ జారిన తొట్టె అయితే ఒక్కసారిగా కాక, కొంచెం కొంచెంగా మార్చాలి. నైట్రైట్ ఉన్నప్పుడు కొద్దిగా కల్లుప్పు వేయడం పాత చిట్కాయే అయినా దాని వెనక శాస్త్రం ఉంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు పోటీగా నిలిచి, దాన్ని రక్తంలోకి పోనివ్వదు. వేగంగా పెరిగే హైడ్రిల్లా, నాచుమొక్కల వంటివి అమ్మోనియంను నేరుగా పీల్చుకుంటాయి. మొక్కలు దట్టంగా ఉన్న తొట్టె ఫిల్టరు పొరపాట్లను చాలావరకు సహించేది అందుకే.

బ్యాక్టీరియాను కాపాడకూడని సందర్భం ఒకటే ఉంది. చేపల క్షయ వంటి మొండి అంటువ్యాధితో తొట్టె ఖాళీ అయినప్పుడు స్పాంజి, ఫ్లాస్ పారేయాలి. డబ్బా, గొట్టాలు, అద్దం బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, థయోసల్ఫేట్ నీటితో జాడించి, ఎండబెట్టాలి. ఆ వ్యాధికి కారణాల్లో ఒకటైన మైకోబాక్టీరియం మారినం మనిషి చేతి గాయాల గుండా చర్మానికి సోకగలదు కనుక ఈ పని చేసేటప్పుడు చేతి తొడుగులు వేసుకోవాలి. తర్వాత తొట్టెను మళ్లీ మొదటినుంచి, ఆరోగ్యంగా ఉన్న మరో తొట్టె స్పాంజితో మొదలుపెట్టుకోవాలి.